షట్టర్ చప్పుడులో ముంచేసిన మాట

తొమ్మిదేళ్లుగా ఒక బరువు మోస్తున్నాను. గుండె మీద మోస్తున్నానని రాయాలనిపిస్తుంది, అందరూ అలాగే రాస్తారు కనుక. కానీ నా బరువు ఎక్కడుందో నాకు తెలుసు. కుడిచేతి చూపుడువేలి కొసన ఉంది. అన్నం కలిపేటప్పుడు కూడా అప్పుడప్పుడు తగులుతుంది.

సగం సంగతి నలుగురిలో చెప్పేశాను. చప్పట్లు కూడా కొట్టారు. ఆ చప్పట్ల తర్వాతే బరువు ఇంకా పెరిగింది. మిగతా సగం ఇద్దరికి మాత్రమే చెప్పాను. ఇప్పుడు మీకు మొత్తం చెబుతున్నాను. నా పేరు అడగకండి, నా పత్రిక పేరు కూడా. మీరెవరో నాకు తెలియదు. ఆ తెలియకపోవడమే ఇవాళ నాకు ధైర్యం.

నేను పత్రికా ఫోటోగ్రాఫర్‌ని. ఆడదాన్ని. ఈ రెండు మాటలూ ఒకే మనిషి గురించి అనడం మా వైపు చాలాకాలం ఎవరికీ అలవాటు కాలేదు. మాది పాల్వంచ దగ్గర ఒక ఊరి చివరి వాడ. మా నాన్న పవర్ ప్లాంట్‌లో కాంట్రాక్టు కూలీ. ఇంటర్ అయ్యాక నేను ఒక ఫోటో స్టూడియోలో పనికి కుదిరాను. ఓణీల ఫంక్షన్లకు, సీమంతాలకు ఆడపిల్ల అయితే బాగుంటుందని నన్ను పంపేవాళ్లు. అక్కడ చెయ్యి కుదిరింది. తర్వాత ఒక దినపత్రిక జిల్లా ఎడిషన్‌లో ఉద్యోగం వచ్చింది. భద్రాచలం, చర్ల, దుమ్ముగూడెం వైపంతా నాదే.

ప్రెస్ మీట్ అంటే మీరు టీవీలో చూసే బల్ల, దాని వెనక కూర్చున్న పెద్దమనిషి మాత్రమే కాదు. బల్లకు ఇవతల మేము ఉంటాం. ఒకరి భుజం మీద ఒకరి మోచెయ్యి. ఆ వరసలో నేనొక్కదాన్నే ఆడదాన్ని. "జర పక్కకు జరగమ్మా" అనేవాళ్లు, నేను దారికి అడ్డంగా నిలబడ్డ చుట్టాన్నయినట్టు. ఎవరూ చోటిచ్చేవాళ్లు కాదు. నేను గట్టిగా మాట్లాడే మనిషిని కూడా కాదు.

కానీ నా కెమెరా గట్టిగా మాట్లాడేది.

అది పాత రకం పెద్ద కెమెరా. లోపల ఒక చిన్న అద్దం ఉంటుంది. బటన్ నొక్కగానే ఆ అద్దం పైకి లేచి కొట్టుకుంటుంది, వెనక షట్టర్ అనే తెర తెరుచుకుని మూసుకుంటుంది, అద్దం మళ్లీ కిందికి పడుతుంది. అదంతా కలిసి ఒక 'టక్'. వేలు తీయకుండా నొక్కి పట్టుకుంటే టకటకటకటక. హాల్లో ఎవరి మాటనైనా కోసుకుంటూ పోయేది. అందరూ తిరిగి చూసేవాళ్లు. బల్ల వెనకున్న పెద్దమనిషి కూడా నా వైపు తిరిగి ముఖం సర్దుకునేవాడు. ఆ చప్పుడంటే నాకు ప్రాణం. ఈ గదిలో నేనూ ఉన్నానని నా బదులు అదే చెప్పేది. ఇప్పుడాలోచిస్తే సిగ్గుగా ఉంది కానీ, అప్పుడు నాకు ఉన్న గొంతు అదొక్కటే అనుకునేదాన్ని.

ఆ చప్పుడు వల్ల ఎక్కువ బాధపడింది రాజేందరన్న. లోకల్ చానల్ వీడియోగ్రాఫర్. నాకంటే పదేళ్లు పెద్ద. ఆయన చెవులకు ఎప్పుడూ హెడ్‌ఫోన్లు ఉండేవి. నా షట్టర్ పడ్డ ప్రతిసారీ ఆయన కనుబొమలు ముడిపడేవి.

"చెల్లె, నీ ఫోటోకు సప్పుడుతోని పన్లేదు. నాకు సప్పుడే అన్నం పెడ్తది. నీ టకటక నా మైకుల పడ్తే మనిషి మాట పోతది" అని ఒకసారి చెప్పాడు. మర్యాదగానే చెప్పాడు. కానీ అలవాటైన కొద్దీ నాకు 'కుట్టుమిషన్' అని పేరు పెట్టాడు. మిగతావాళ్లు అది పట్టుకున్నారు. నేను హాల్లోకి వస్తే "కుట్టుమిషన్ వచ్చింది, ఇగ చినిగిన బట్టలు తెండ్రి" అని నవ్వేవాళ్లు. నేనూ నవ్వేదాన్ని. లోపల ఏమయ్యేదో వాళ్లకెట్లా తెలుస్తుంది?

ఇక ఆ రోజు.

భద్రాచలంలో ఒక ప్రభుత్వ కార్యాలయం మీటింగ్ హాలు. ఏ కార్యాలయమో చెప్పను. వానాకాలం సగంలో ఉంది. వరద ఏర్పాట్ల మీద పెద్దసారు ప్రెస్ మీట్ పెట్టారు. మొదలవక ముందు రాజేందరన్న తన సంచిలోంచి ఏదో తీసి నా చేతిలో పెట్టాడు. నల్లగుడ్డతో కుట్టిన తొడుగు. లోపల స్పాంజి. ముందు లెన్సుకు ఒక రంధ్రం, పక్కన చేతికి ఒక రంధ్రం.

"మా ఇంటామె కుట్టింది చెల్లె. కెమెరాకు తొడుగు. గిది ఏస్తే నీ కుట్టుమిషన్ సప్పుడు సగం తగ్గుతది."

హాలంతా నవ్వు. ఎవరో "కుట్టుమిషన్‌కు దుప్పటి కప్పిన్రు" అన్నారు. రాజేందరన్న కూడా నవ్వాడు. ఇవాళ ఆ తొడుగు గురించి తలుచుకుంటే, ఒకావిడ తన ఇంట్లో కూర్చుని, ఎన్నడూ చూడని ఒక ఆడపిల్ల కెమెరా కోసం కొలతలు అడిగి మరీ అంత శ్రద్ధగా కుట్టిందే అనిపిస్తుంది. ఆ పూట నాకు నవ్వు ఒక్కటే వినపడింది. తొడుగు కుర్చీ మీద పెట్టేశాను. చెవులు కాలిపోతున్నాయి.

ప్రెస్ మీట్ అయిపోయింది. మిగతా చానళ్లవాళ్లు బల్ల మీది మైకులు తీసుకుని వెళ్లిపోయారు. వాళ్లకు వేరే కార్యక్రమం ఉంది. రిపోర్టర్లు వెనక టీ దగ్గర చేరారు. అప్పుడు తలుపు దగ్గర నుంచి ఒకామె ముందుకొచ్చింది. ఆమె వెనక ముగ్గురు నలుగురు ఊరివాళ్లు.

ఆమె పేరు జోగమ్మ అనుకోండి. అసలు పేరు అది కాదు. చర్ల దాటాక అడవిలో, ఒక వాగు అవతల, నలభై ఇళ్ల గుంపు వాళ్లది. మా వైపు కోయవాళ్ల చిన్న పల్లెను గుంపు అంటారు. వానాకాలం వస్తే ఆ వాగు పొంగి గుంపును బయటి లోకం నుంచి కోసేస్తుంది. ఆ వారమే జోగమ్మ మరదలికి నొప్పులొస్తే మంచం మీద మోసుకొచ్చారు. వాగు దాటలేక, గట్టు మీదే, వానలో, ఒక ప్లాస్టిక్ పట్టా కింద కాన్పయింది. తల్లీ బిడ్డా బతికారు. కానీ జోగమ్మ అది మరిచిపోదలచుకోలేదు. వాగు కాస్త తగ్గగానే దాటి, నడిచి, బస్సెక్కి వచ్చింది.

వాగు మీద బ్రిడ్జి కావాలని ఆమె అడిగితే, లేచి వెళ్లబోతున్న పెద్దసారు ఆగాడు. "చూస్తామమ్మా" అన్నాడు.

"చూస్తం చూస్తం అని మూడుసార్లు చెప్పిన్రు సారూ. మీరు చూసేది మాకెట్ల తెల్వాలె?"

సారు వేదిక దిగి ఆమె ముందుకొచ్చి నిలబడ్డాడు. చేతిలో మైకు లేదు. మెల్లగా మాట్లాడే మనిషి. రాజేందరన్న ఒక్కడే కెమెరా సర్దుకుని వాళ్లిద్దరికీ దగ్గరగా వెళ్లాడు. నేను ఆయన పక్కనే ఉన్నాను. సారు నోరు తెరవబోతుండగా రాజేందరన్న నా వైపు తిరిగి పెదవుల మీద వేలు పెట్టుకున్నాడు. సప్పుడు చెయ్యకు అని.

అంతే. ఆ వేలు.

నేను కెమెరా పైకెత్తాను. ఫ్రేము కోసం కాదు. ఆయన కెమెరా మీదున్న మైకు పక్కకు తెచ్చి పెట్టాను. సారు మొదటి మాట మొదలవగానే బటన్ నొక్కాను. నొక్కి పట్టుకున్నాను. వేలు తియ్యలేదు.

చదువుతున్న మీకు చాలా స్పష్టంగా చెప్పాలి, ఎందుకంటే నేను ఇన్నేళ్లూ స్పష్టంగా చెప్పకుండా తప్పించుకున్నది సరిగ్గా ఇక్కడే: అది పొరపాటు కాదు. పని తొందర కాదు. ఆ మాట ముఖ్యమైనదని నాకు తెలుసు. ముఖ్యమైనది కనుకనే దాన్ని రాజేందరన్నకు దక్కకుండా చెయ్యాలనుకున్నాను.

ఆ టకటకల మధ్యనే నేను సారు మాటలన్నీ విన్నాను. అడుగు దూరంలో ఉన్నాను, ఎందుకు వినపడదు?

"వచ్చే వానాకాలానికి ముందే ఆ వాగు మీద బ్రిడ్జి కట్టిస్తాను. అడవి అనుమతులు నేనే తెప్పిస్తాను. ఇది నా మాట."

"కాయితం మీద రాసిస్తరా?" అంది జోగమ్మ.

"ఈ కెమెరాల ముందు చెబుతున్నాను కదమ్మా. ఇంతకంటే కాగితం ఏముంటుంది?"

రాజేందరన్న హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఉన్నాడు. ఆయన చెవుల్లో పడింది నా చప్పుడే. తర్వాత వెనక్కి తిప్పి విన్నాడు. మళ్లీ విన్నాడు. నా వైపు చూశాడు. తిడతాడనుకున్నాను, తిడితే ఎదురు తిరగడానికి సిద్ధంగా ఉన్నాను.

"పోయింది చెల్లె" అన్నాడు. అంతే. అలసిపోయిన మనిషిలా అన్నాడు. నేను పని మీద ధ్యాసలో నొక్కేశాననుకున్నాడు. నేను కావాలని చేయగలనని ఆయన ఊహించలేదు.

ఆ ఫోటో మర్నాడు జిల్లా పేజీ పైన పడింది. చెయ్యెత్తి అడుగుతున్న జోగమ్మ, ఎదురుగా సమాధానం చెబుతున్న సారు. ఆ సమాధానం ఏమిటో మాత్రం కింద లేదు. మా పత్రికలో ఆ ఏడాది మంచి ఫోటో అన్నారు. శాలువా కప్పారు. ఫ్రేము కట్టించి భద్రాచలం ఆఫీసు గోడకు తగిలించారు. ఆ తర్వాత మోచేతులు కాస్త పక్కకు జరిగాయి. అవ్, నాకు చోటు దొరికింది. ఎట్లా దొరికిందో నాకొక్కదానికే తెలుసు.

చలికాలం రాకముందే ఆ సారు బదిలీ మీద వెళ్లిపోయాడు. కొత్తగా వచ్చినాయన దగ్గరకు జోగమ్మ వెళ్తే, ఫైలు లేదన్నారు. అలాంటి హామీ ఏదీ రికార్డులో లేదన్నారు. కార్యాలయం సిబ్బంది తమకు గుర్తు లేదన్నారు. వెనక టీ తాగుతున్న రిపోర్టర్లకు ఏమీ వినపడలేదు. రాజేందరన్న తన వీడియో తీసుకెళ్లి చూపించాడు. సారు పెదవులు కదులుతున్నాయి. మాట లేదు. టకటకటకటక. కొత్త సారు నవ్వాడట.

ఒక మధ్యాహ్నం జోగమ్మ మా ఆఫీసుకు వచ్చింది. నేనొక్కదాన్నే ఉన్నాను. చెప్పులు గుమ్మం బయట విడిచి, లోపలికి వచ్చి, నిలబడే అడిగింది.

"బిడ్డా, నువ్వు దగ్గెర్నే ఉన్నవ్ గదా ఆ దినం. సారు ఏమన్నడో విన్నవ్ గదా?"

"లేదమ్మా. నా కెమెరా సప్పుడుకు నాకేం వినబడలే."

"జరంత కూడా వినబడలేదా? బ్రిడ్జి అన్నడు. నా మాట అన్నడు."

"వినబడలే అమ్మా."

ఆమె నన్ను చూడలేదు. గోడ మీది ఫోటో చూసింది. దగ్గరకు వెళ్లి చూసింది.

"గీ ఫోటోల నేనేనా?"

"అవ్ అమ్మా."

"సారు నోరు తెరిసే ఉన్నది గదా."

నేను బల్ల మీది కాగితాలు సర్దాను.

"మంచిగ తీసినవ్ బిడ్డా" అంది. చెప్పులు తొడుక్కుని వెళ్లిపోయింది.

మొదటి తప్పు కోపంలో చేశాను. కోపం పది పన్నెండు సెకన్లు ఉంది. ఈ రెండో తప్పు ఏ కోపమూ లేకుండా, కుర్చీలో కూర్చుని, ఫ్యాను కింద చేశాను. ఎందుకు? విన్నానంటే, మరి ఆ చప్పుడెందుకు చేశావని అడుగుతారని. శాలువా పోతుందని. ఉద్యోగం పోతుందని. 'ఆడదాన్ని పెట్టుకుంటే ఇట్లనే ఉంటది' అంటారని. ఇవన్నీ నిజమైన భయాలే. కానీ జోగమ్మ వాగు ముందు అవి ఏపాటివి? అప్పుడు ఆ ప్రశ్న వేసుకోలేదు. వేసుకోకుండా ఉండటానికి చాలా ఫోటోలు తీశాను.

వానాకాలాలు వచ్చాయి, పోయాయి. ప్రతి ఏడూ మా డెస్కు వాగు ఫోటో అడిగేది. నేనే వెళ్లి తీసేదాన్ని. ఇవతలి గట్టు మీద నిలబడి, అవతలి గట్టు మీద పుస్తకాల సంచులతో ఆగిపోయిన పిల్లల్ని తీసేదాన్ని. ఫోటోలు బాగా వచ్చేవి.

రెండో ఏడు వానల్లోనే, చర్ల రిపోర్టర్ పంపిన ఒక చిన్న వార్త చదివాను. వాగు అవతలి గుంపు నుంచి ఒకమ్మాయికి నర్సింగ్ కోర్సులో సీటు వచ్చింది. సర్టిఫికెట్లతో హాజరు కావాల్సిన రోజు వాగు పొంగింది. మూడు రోజుల తర్వాత దాటి వెళ్తే సీటు పోయిందన్నారు. పేరు భారతి. తల్లి పేరు జోగమ్మ. ఆ వార్త నాలుగు వాక్యాలు. పేజీలో చోటు చాలక మర్నాటికి వేశారు. నేను ఆ నాలుగు వాక్యాలు ఇప్పటికీ అప్పజెప్పగలను. ఆ పిల్ల మళ్లీ ప్రయత్నించి చేరేసరికి రెండేళ్లు పోయాయి.

ఆ తర్వాత నాకు కొత్త కెమెరా వచ్చింది. అద్దం లేని రకం. చప్పుడు రాకుండా తీసే ఏర్పాటు ఉంది. మొదటిరోజు బటన్ నొక్కితే ఏమీ వినపడలేదు. పాడైపోయిందనుకున్నాను. స్క్రీన్ మీద చూస్తే ఫోటో ఉంది. పాత హాళ్లలో ట్యూబ్‌లైట్ల కింద తీస్తే ఫోటో మీద నల్లచారలు పడేవి. ఎదుటివాళ్లు చెయ్యి విసురుగా కదిపితే ఆ చెయ్యి వంకరగా వచ్చేది. అవన్నీ సరిచేసుకోవడం మెల్లగా నేర్చుకున్నాను. కానీ చారల కంటే ఎక్కువ ఇబ్బంది పెట్టింది ఆ నిశ్శబ్దం. నేను గదిలో ఉన్నట్టు ఎవరికీ తెలియడం లేదు. మళ్లీ మొదటిరోజు ఆడపిల్లనైపోయాను.

అప్పుడే ఒకటి జరిగింది. సత్తుపల్లి దగ్గర ఒక ఇంట్లో చావు. కొడుకు పోయిన తల్లి పక్కన కూర్చుని ఆరు ఫోటోలు తీశాను. ఆమె తల తిప్పలేదు. ఆ పోయిన కొడుకుతోనే ఏదో చెప్పుకుంటూ ఉంది, చిన్నప్పటి సంగతి, జ్వరమొచ్చిన సంగతి. నేను ఆ మాటలన్నీ విన్నాను. ఎన్నేళ్లుగానో ఫోటోలు తీస్తున్నాను కదా, మనుషులు ఏం మాట్లాడుతున్నారో నిజంగా వినడం అదే మొదలు. నా చప్పుడులో నేనే ఉండేదాన్ని ఇంతకాలం.

ఆ రోజు నుంచి ప్రతి మీటింగులో, ప్రతి నిశ్శబ్దంలో, ఆ సారు మాటలు నాకు వినపడటం మొదలైంది. వచ్చే వానాకాలానికి ముందే. ఇది నా మాట. ఈ కెమెరాల ముందు.

ఏడు వానాకాలాలు గడిచాక, అదే హాల్లో, మళ్లీ జోగమ్మ.

ఈసారి పెద్ద కుర్చీలో ఒక మేడమ్. కొత్తగా వచ్చారు. జోగమ్మ జుట్టు నెరిసింది. పక్కన భారతి ఉంది, అప్పటికి వాగు ఇవతలి చిన్న దవాఖానాలో నర్సుగా చేరింది. జోగమ్మ ఎప్పటిలాగే నిలబడి చెప్పింది.

"ఏడేండ్ల కింద గీ హాల్లనే సారు మాటిచ్చిండు మేడమ్. బ్రిడ్జి కట్టిస్త అన్నడు."

పక్కనున్న ఉద్యోగి మేడమ్ వైపు వంగాడు. "రికార్డు లేదు మేడమ్. ప్రతి ఏడాది వచ్చి గిదే చెప్తది."

ఎవరో చిన్నగా నవ్వారు. జోగమ్మ ఆగిపోయింది. మా వైపు, కెమెరాల వైపు చూసింది. ఎనిమిది కెమెరాలు ఉన్నాయి. అన్నీ కొత్తవే. ఒక్క టక్ లేదు. అంత నిశ్శబ్దంలో ఆమె ముఖంలో కనపడింది కోపం కాదు. ఇక రాకూడదేమో అన్న ఆలోచన. ఏడేళ్లలో మొదటిసారి ఆమె అలసిపోవడం చూశాను.

నేను కెమెరా దించాను.

"మేడమ్, నేను విన్నాను."

నా గొంతు నాకే కొత్తగా ఉంది. అందరూ తిరిగారు. నేను వరస దాటి ముందుకొచ్చాను. ఆ రోజు నేను ఎక్కడ నిలబడ్డానో, సారు ఎక్కడ నిలబడ్డాడో చూపించాను. ఆయన మాటలు ఒక్కొక్కటీ చెప్పాను. జోగమ్మ అడిగిన ప్రశ్న చెప్పాను. దానికి ఆయనిచ్చిన జవాబు చెప్పాను. నా షట్టర్ చప్పుడు వల్ల వీడియోలో ఆ మాటలు పోయాయని, ఈ అమ్మ అడిగినప్పుడు భయపడి వినలేదని అబద్ధం చెప్పానని కూడా చెప్పాను.

"రాసిస్తారా?" అన్నారు మేడమ్.

"ఇస్తాను మేడమ్."

అక్కడే, వాళ్ల ముందే, తెల్లకాగితం మీద రాసి సంతకం పెట్టాను. మేడమ్ అది రెండుసార్లు చదివారు. ఆ రోజు హాల్లో ఉన్న సిబ్బంది ఇద్దరిని పిలిపించారు. నా కాగితం చూశాక వాళ్లకూ గుర్తొచ్చింది. వాళ్లూ సంతకాలు పెట్టారు. మేడమ్ మీటింగు పుస్తకంలో తన చేత్తో రాసి, జోగమ్మకు ఒక నకలు ఇప్పించారు. భారతి దాన్ని పైకి చదివి వినిపించింది. జోగమ్మ "ఇంకోపారి" అంది. భారతి మళ్లీ చదివింది. ఈసారి హాలంతా చప్పట్లు.

రాజేందరన్న హెడ్‌ఫోన్లు తీసి మెళ్లో వేసుకున్నాడు. "ఒక్క అక్షరం పోలే చెల్లె. మొత్తం వచ్చింది" అన్నాడు. ఆయన కళ్లు తడిగా ఉన్నాయి.

చలికాలంలో పని మొదలైంది. మధ్యలో ఆగింది, జోగమ్మ ఆ నకలు పట్టుకుని మళ్లీ వచ్చింది, మళ్లీ మొదలైంది. ఈ ఎండాకాలం చివర వంతెన పూర్తయింది. మొదటగా దాటింది పెద్దమనుషుల కారు కాదు. జోగమ్మ పట్టుబట్టి అంబులెన్సును దాటించింది. దాన్లో ముందు సీట్లో భారతి. వెనక డోళ్లు, రేల పాటలకు ఆడుతూ ఆడవాళ్లు, భుజాల మీద పిల్లలు. ఒక ముసలాయన వంతెన మధ్యలో ఆగి, కాలితో గట్టిగా తొక్కి చూసి, పళ్లు లేని నోటితో పెద్దగా నవ్వాడు. నేను ఆ రోజు తీసినన్ని ఫోటోలు జీవితంలో తియ్యలేదు. ఒక్కదానికీ చప్పుడు లేదు. వాళ్ల డోళ్లకు, కేకలకు నా నుంచి ఏ అడ్డమూ లేదు. అంత సంతోషం నేను మరెక్కడా చూడలేదు, మరెన్నడూ పడలేదు.

అయినా జోగమ్మ నా చెయ్యి పట్టుకుని నడిపిస్తుంటే ఆ చెయ్యి లాక్కోవాలనిపించింది. "గీ బిడ్డ ధైర్నం చేస్తేనే అయింది" అని అందరికీ చెబుతోంది. రాజేందరన్న "మా చెల్లె" అంటున్నాడు. పేపర్లో నన్ను పొగుడుతూ రాశారు. నేను హాల్లో చెప్పినదాంట్లో అబద్ధం లేదు. కానీ 'చప్పుడు వల్ల పోయింది' అన్నాను. 'పోగొట్టాను' అనలేదు. సగం నిజం అబద్ధం కంటే బాగా దాస్తుందని నాకు అప్పుడు అర్థమైంది. అబద్ధం చెప్పినప్పుడు కనీసం నన్నెవరూ మెచ్చుకోలేదు.

నాలుగు రోజుల తర్వాత కెమెరా ఇంట్లో పెట్టి చర్ల బస్సెక్కాను. జోగమ్మ ఇంటి ముందు కూర్చుని చాటలో విత్తనాలు ఏరుతోంది. నన్ను చూసి నవ్వింది. నేను కూర్చోకుండానే చెప్పేశాను.

"అమ్మా, ఆ దినం నేను కావాల్నే నొక్కిన. సారు మాట రికార్డు కావొద్దనే నొక్కిన."

ఆమె చేతులు ఆగాయి.

"కావాల్నేనా?"

"అవ్."

"నా మీద ఏం కోపం బిడ్డా నీకు?"

"నీ మీద కాదమ్మా. రాజేందరన్న మీద. నన్ను జూసి నవ్విండని."

ఆమె మళ్లీ చాట మీదికి వంగింది. ఒక గింజ తీసి పక్కన పెట్టింది. ఇంకొకటి తీసింది.

"కోపం ఆయన మీద. నష్టం మాకు" అంది చివరికి. తల ఎత్తలేదు. "నా పిల్లకు రెండేండ్లు పోయినయ్. దానికి చెప్పుపో. నాకు కాదు."

కూర్చోమనలేదు. మంచినీళ్లు ఇవ్వలేదు. నేను వెనక్కి తిరిగాను. వాన మొదలైంది, ఈ ఏటి మొదటి గట్టి వాన. వంతెన దాటుతుంటే కింద ఎర్రనీళ్లు పెరుగుతున్నాయి. నా ముందు ఇద్దరు ఆడపిల్లలు ఒకే గొడుగు కింద, ఏ తొందరా లేకుండా, కబుర్లు చెప్పుకుంటూ నడుస్తున్నారు. కింద వాగు ఉందన్న ధ్యాసే వాళ్లకు లేదు.

దవాఖానాలో భారతి ఒక పసిబిడ్డ బరువు చూస్తోంది. ఆమె పని అయ్యేదాకా నిలబడ్డాను. "చెప్పక్కా" అంది. చెప్పాను. హాలు, తొడుగు, వేలు, మైకు, మా ఆఫీసులో నేనాడిన అబద్ధం, ఆమె సీటు గురించి నేను చదివిన నాలుగు వాక్యాలు. అన్నీ. ఆమె మధ్యలో ఒక్కసారి కూడా అడ్డు రాలేదు. అయిపోయాక నా ముఖంలోకి కొంచెంసేపు చూసింది. తర్వాత వెళ్లి చేతులు కడుక్కుంది. తలుపు దగ్గరకు వచ్చి, "తర్వాత ఎవరు? లోపలికి రండ్రి" అని బయట కూర్చున్నవాళ్లను పిలిచింది.

నన్ను క్షమించమని నేను అడగలేదు. ఎవరూ క్షమించలేదు. ఇది అచ్చయితే రాజేందరన్న చదువుతాడు, స్పాంజి తొడుగు దగ్గరకు రాగానే నన్ను పోల్చుకుంటాడు. పోల్చుకోనీ. ఇక 'చెల్లె' అనడేమో. అనకపోనీ.

దవాఖానా మెట్లు దిగి బస్టాపుకు నడిచాను. బట్టలన్నీ తడిసిపోయాయి. దారిలో నాకు నవ్వొచ్చింది, ఆపుకోలేదు. గెలిచినవాళ్లు నవ్వే నవ్వు అది, ఆ నవ్వుకు నాకు అర్హత ఉందో లేదో తెలియదు, అయినా వచ్చింది. చెప్పాల్సినవాళ్లకు చెప్పేశాను. ఒక్క మాట మింగలేదు.